గోదావరి డెల్టాకు వాతావరణ ముప్పు, ఇరుగుపొరుగుల సహకారం: తరచుగా అడిగే ప్రశ్నలు

డెల్టా గ్రామాల్లో పంచాయతీ సభ్యులు, సచివాలయ సిబ్బంది, నీటి సంఘాల వాళ్లు, మత్స్యకార పెద్దలు, కాలేజీ విద్యార్థులు పదేపదే అడిగే ప్రశ్నలివి. వరుసగా చదవనక్కర్లేదు. ఏరు పొంగుతున్న రోజైతే 5, 10 ప్రశ్నలు, తుపాను కబురు వచ్చిన రోజైతే 12, 14 ప్రశ్నలు ముందు చూడండి.

1. వాతావరణం మారితే ఎండలు, వానలు పెరుగుతాయి, సరే. ఇందులో "భద్రత" మాటెందుకు?

భద్రత అనగానే సరిహద్దు, సైన్యం గుర్తొస్తాయి. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2007 ఏప్రిల్‌లోనే మొదటిసారి వాతావరణ మార్పుపై చర్చ పెట్టింది. 2018లో పసిఫిక్ ద్వీప దేశాలు బో ప్రకటనలో తమ ప్రజల బతుకుకూ భద్రతకూ ఇదే అన్నిటికన్నా పెద్ద ముప్పు అని రాసుకున్నాయి.

మన దగ్గర దీనికి సైన్యంతో పనిలేదు. రొయ్యల చెరువు ఉప్పునీళ్లు పక్క వరిచేలోకి ఊరితే ఇద్దరు రైతులు పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతారు. రబీలో వంతు నీళ్లు చివరి భూములకు అందకపోతే ఎగువ ఊరి వాళ్లకూ దిగువ ఊరి వాళ్లకూ లాకుల దగ్గర తగువు. 2011లో కోనసీమ రైతులు ఖరీఫ్‌కు పంట విరామం ప్రకటించి దాదాపు లక్ష ఎకరాలు బీడు పెట్టారు. గిట్టుబాటు ధర, కూలీల కొరతతో పాటు ముంపు నీరు దిగకపోవడమూ అందులో పెద్ద కారణం. తిండి గింజలు పండించే చోట రైతు తనంతట తాను నాగలి దించేస్తే అది భద్రత సమస్య కాక మరేమిటి?

2. "ప్రాంతీయ సహకారం" అంటే మనకు ఎవరితో?

రెండు వైపులా. భూమి వైపు ఎగువ రాష్ట్రాలతో: మహారాష్ట్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, కొంత మధ్యప్రదేశ్, కర్ణాటక. నీళ్లు వాళ్ల దగ్గర పుట్టి మన దగ్గర సముద్రంలో కలుస్తాయి. సముద్రం వైపు బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాలతో: శ్రీలంక, బంగ్లాదేశ్, మయన్మార్, థాయ్‌లాండ్. తుపాను ఎవరి నీళ్లలో పుట్టినా చివరికి ఎవరి ఒడ్డున దిగుతుందో ముందు తెలియదు.

పేపర్లలో శిఖరాగ్ర సమావేశాల ఫొటోలు వస్తుంటాయి గానీ, డెల్టాకు ఉపయోగపడే సహకారం చాలా చప్పగా ఉంటుంది. నీటిమట్టం కొలిచే ఏ గేజీ దగ్గర ఎంత నీరుంది, ఏ డ్యామ్ గేట్లు ఎన్నింటికి ఎత్తారు, సముద్రంలో గాలి ఎటు తిరిగింది అన్న అంకెలు ఒకరి నుంచి ఒకరికి వేళకు అందడమే ఆ సహకారం. వరద వేళ ఈ పని చాలావరకు సవ్యంగానే జరుగుతోంది. నీళ్లు తక్కువగా ఉన్న నెలల్లోనే అసలు చిక్కు.

3. శ్రీరాంసాగర్ నిండిందని టీవీలో చెప్పారు. మనకు వరద వచ్చేసినట్టేనా?

అలా అనుకోవద్దు. నాసిక్ దగ్గర త్రయంబకేశ్వర్‌లో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే గోదావరిలో మనల్ని ముంచే నీరు ఎక్కువగా మూడు ఉపనదులది: ప్రాణహిత, ఇంద్రావతి, శబరి. వార్ధా, వైన్‌గంగా కలిసి ప్రాణహిత అవుతాయి. ఇంద్రావతి ఒడిశాలో పుట్టి బస్తర్ మీదుగా వస్తుంది. శబరి సీలేరును కలుపుకుని కూనవరం దగ్గర గోదావరిలో పడుతుంది. ప్రధాన నది మీద ఉన్నన్ని పెద్ద జలాశయాలు ఈ మూడింటి దారిలో లేవు. అందుకే విదర్భలో, బస్తర్‌లో రెండు మూడు రోజులు ఆగని వాన పడిందన్న వార్త శ్రీరాంసాగర్ నిండిందన్న వార్తకంటే మనకు ముఖ్యం.

గోదావరి బాగా ఎత్తులో ఉంటే శబరి నీరు అందులో కలవలేక వెనక్కి ఎగదన్నుతుంది. అప్పుడు కూనవరం, చింతూరు ముందు మునుగుతాయి.

4. ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు మూసి వరద ఆపలేరా?

లేరు. కాస్త లెక్క వేస్తే ఎందుకో తెలుస్తుంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. పది లక్షల క్యూసెక్కులు ఒక రోజు పారితే సుమారు 86 టీఎంసీలు. ధవళేశ్వరం దగ్గరి ఈ కాటన్ బ్యారేజీ ఎగువన నిలిచే నీరు మొత్తం మూడు టీఎంసీలకు కొంచెం తక్కువ. పాతిక లక్షల క్యూసెక్కులు వస్తున్నప్పుడు అంత ఖాళీ ఇరవై నిమిషాల్లో నిండుతుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు భాగాల్లో ఉన్న 175 గేట్లూ ఎత్తేయడం తప్ప ఇంజినీర్లకు మరో దారి ఉండదు. కాలువలకు నీటిమట్టం నిలపడానికి కట్టిన ఆనకట్ట ఇది. 1847–52 మధ్య కాటన్ కట్టించినదీ అందుకే, ఇప్పుడున్న బ్యారేజీ పనీ అదే.

5. భద్రాచలం 48 అడుగులు, ధవళేశ్వరం 13.75 అడుగులు. ఈ అంకెలు ఎలా చదవాలి?

ఈ రెండు గేజీల సున్నాలు వేర్వేరు మట్టాల్లో ఉంటాయి. అందుకే ఒకదాని అడుగులతో ఇంకోదాని అడుగులు పోల్చకూడదు. వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే పుడుతుంది.

భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. ధవళేశ్వరంలో మొదటిది 11.75 అడుగులు (సుమారు 10 లక్షల క్యూసెక్కులు), రెండోది 13.75 (13 లక్షలు), మూడోది 17.75 (17 లక్షలు). భద్రాచలంలో కనిపించిన వరద ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. దారిలో శబరి నీరు కలుస్తుంది కాబట్టి భద్రాచలంలో తగ్గుముఖం పట్టినా కూనవరం, చింతూరు గేజీలు చూడకుండా ఊపిరి పీల్చుకోవద్దు.

పాత అంకెలు గుర్తుంటే కొలత చేతిలో ఉన్నట్టే. 1986 ఆగస్టులో భద్రాచలం 75.6 అడుగులకు చేరింది, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటాయి. 2006లో ధవళేశ్వరం దగ్గర 28 లక్షలకు పైగా వచ్చింది. 2022 జులైలో భద్రాచలం 71.3 అడుగులు, ధవళేశ్వరం దగ్గర దాదాపు 26 లక్షలు. 2022లో మీ వీధిలో నీరు ఏ మెట్టు దాకా వచ్చిందో తెలిస్తే, "20 లక్షలు వస్తాయి" అన్న మాటకు అర్థం మీ గుమ్మం దగ్గరే దొరుకుతుంది.

నది నడుమ దిబ్బలైన లంకల్లో ఉండేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సముద్రం పోటు మీద ఉంటే నది సముద్రంలో కలిసే మొగల దగ్గర నీరు తొందరగా లాగదు. బ్యారేజీ దగ్గర మట్టం తగ్గుతున్నా దిగువ లంకల్లో కొన్ని గంటలపాటు ముంపు అలాగే ఉంటుంది. చాకలిపాలెం–కనకాయలంక, ఎదురుబిడిం లాంటి కాజ్‌వేలు ఇళ్లకంటే చాలా ముందే మునుగుతాయి. నెలలు నిండిన గర్భిణులను, డయాలసిస్ రోగులను, పాడి పశువులను మొదటి హెచ్చరికకే దాటించండి. రెండో హెచ్చరిక వచ్చేసరికి కాజ్‌వే మీద నాటు పడవే దిక్కు.

6. ఎగువ వాళ్లు గేట్లు ఎత్తి మనకు చెప్పకపోతే?

గేజీల సమాచారం కోసం రాష్ట్రాల దయ మీద ఆధారపడే రోజులు పోయాయి. కేంద్ర జల సంఘం సొంత గేజీలతోనే నది పొడవునా మట్టాలు కొలిచి అంచనాలు ఇస్తుంది. పేరూరు, దుమ్మగూడెం, భద్రాచలం, కూనవరం, ధవళేశ్వరం అంకెలు ఎవరైనా చూడొచ్చు. 2023 ఆగస్టులో వచ్చిన ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్‌లో ఇవన్నీ ఉంటాయి.

డ్యామ్‌ల సంగతి వేరు. 2021 నాటి డ్యామ్ భద్రతా చట్టం ప్రకారం ప్రతి నిర్దేశిత డ్యామ్ యజమానీ అత్యవసర కార్యాచరణ ప్రణాళిక తయారుచేయాలి, నీటి రాక అంచనా వ్యవస్థ పెట్టుకోవాలి, దిగువ జిల్లాల అధికారులకు ముందుగా కబురు చేయాలి. దిగువ జిల్లా వేరే రాష్ట్రంలో ఉన్నా ఆ బాధ్యత పోదు. ఆచరణలో తేడా వచ్చేది చివరి అంచెలో. కలెక్టరేట్‌కు సమాచారం రాత్రి పదికి వస్తుంది, లంకలో దండోరా పొద్దున ఆరుకు పడుతుంది. మధ్యలో పోయిన ఎనిమిది గంటలకు ఏ పక్క రాష్ట్రమూ కారణం కాదు.

7. కృష్ణా, గోదావరి బోర్డులున్నాయి కదా. మొత్తం నదిని చూసే బోర్డు లేదా?

లేదు. గోదావరి నదీ యాజమాన్య బోర్డు 2014 విభజన చట్టంతో పుట్టింది. అందులో ఉన్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మాత్రమే. వరద నీరు ఎక్కువగా పంపే మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశా దాని పరిధిలో లేవు. 1980 నాటి బచావత్ ట్రిబ్యునల్ తీర్పు నీళ్ల వాటాలు తేల్చింది గానీ, రోజువారీ నడపడానికి సంస్థను మిగల్చలేదు. అంతర్రాష్ట్ర నదులకు బోర్డులు పెట్టుకోవచ్చని 1956లోనే రివర్ బోర్డ్స్ చట్టం చేశారు. దాని కింద ఇప్పటిదాకా ఒక్క బోర్డూ ఏర్పడలేదు. మా దృష్టిలో సహకారంలో అన్నిటికన్నా పెద్ద లోటు ఇదే. వాటాల కోసం కోర్టుకెళ్లడానికి దారులు చాలా ఉన్నాయి, కరవు ఏడాదిలో కలిసి కూర్చోవడానికి ఒక బల్ల లేదు.

8. పోలవరం పూర్తయితే డెల్టాకు వరద బెడద తీరుతుందా?

పెద్ద వరదలో తీరదు. పోలవరం పూర్తి సామర్థ్యం 194.6 టీఎంసీలు. పాతిక లక్షల క్యూసెక్కుల వరద రోజుకు 216 టీఎంసీలు తెస్తుంది. జలాశయం మొత్తం ఖాళీగా ఉన్నా ఒక రోజు నిండకముందే నిండిపోతుంది. 48 గేట్ల స్పిల్‌వేను 50 లక్షల క్యూసెక్కులు వదిలేలా రూపొందించింది కూడా వచ్చిన వరదను క్షేమంగా దిగువకు పంపడానికే. లాభం వేరే చోట ఉంది: చిన్న వరదలను కొంత సర్దడం, వేసవికి నీరు నిల్వ ఉంచడం.

ఎగువన ఎగపోటు ముంపు ఎంత అన్న దానిపై ఒడిశా, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ అభ్యంతరాలు చాలా ఏళ్లుగా నడుస్తున్నాయి. దిగువ వాళ్లం ఎగువ నుంచి ఒండ్రు, నీరు, సమాచారం కోరుతున్నాం కాబట్టి, ఎగువ వాళ్ల ముంపు లెక్కలు కలిసి కొలిపించడం మనకూ అవసరమే.

9. యానాం పుదుచ్చేరిలో ఉంది. వరదకు ఆ సంగతి తెలుసా?

యానాం పక్కన పారే గోదావరి పాయ గౌతమికి తెలియదు, కంట్రోల్ రూములకు తెలుసు. 2022లో యానాం వీధుల్లోకి నీరు వచ్చింది. ఒకే ఏటిగట్టు వెంట రెండు పరిపాలనలు ఉన్నప్పుడు ఇసుక బస్తాలు, పడవలు, పునరావాస కేంద్రాలు ఎవరివి ఎవరు వాడొచ్చో జూన్‌లోనే కాగితం మీద పెట్టుకోవాలి. యానాం పక్కనున్న ఊళ్ల వాళ్లు రెండు వైపుల అధికారుల నంబర్లూ దగ్గర ఉంచుకోండి.

10. మా గట్టు వెనకాల చేలో నీరు బుగ్గలా పైకొస్తోందండి. ఏం చేయాలి?

ముందుగా ఆ నీటి రంగు చూడండి. తేటగా వస్తుంటే గట్టు కింద ఊట మాత్రమే, కనిపెట్టుకుని ఉండాలి. మట్టి, ఇసుక కలిసి వస్తుంటే, నోటి చుట్టూ చీమల పుట్టలా ఇసుక పేరుకుంటుంటే, గట్టు లోపల సన్నటి సొరంగం పడుతోందని అర్థం. అది గంటల్లో గండి కావచ్చు.

దాని నోటిని బస్తాలతో మూసేయడం అందరూ చేసే పొరపాటు. మూస్తే ఒత్తిడి తగ్గదు, ఐదు గజాల అవతల మరో చోట పైకి తన్నుతుంది. చేయాల్సింది చుట్టూ గుండ్రంగా కట్ట వేయడం. ఊట నోటి నుంచి కనీసం రెండడుగులు వదిలి, ఇసుక బస్తాలు ఇటుకల మాదిరి అతుకులు కలవకుండా పేర్చండి. బస్తా మూడింట రెండొంతులే నింపాలి. నిండుగా కుడితే గుండ్రంగా ఉబ్బి సందులు మిగులుతాయి. ఈ బావిలో నీరు పెరిగేకొద్దీ లోపలి నుంచి వచ్చే వడి తగ్గుతుంది. నీరు తేటగా మారే ఎత్తు వరకు పెంచి ఆపండి. పై వరసలో ఒక పక్క చిన్న దారి వదిలి ఆ తేట నీరు పక్క బోదెలోకి పోనివ్వండి. పూర్తిగా ఆపాలని మరీ ఎత్తు పెంచవద్దు.

పని మొదలుపెడుతూనే జలవనరుల శాఖ ఏఈకి, జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077కు చెప్పండి. రాత్రిపూట గట్టు మీద ఇద్దరేసి చొప్పున గస్తీ ఉండాలి. ఒకరు నది వైపు, ఒకరు చేను వైపు వాలు చూడాలి. ఎలుక బొక్కలు, పందికొక్కు బొరియలు, పాత తూముల పక్కలు, పడిపోయిన చెట్ల వేళ్లు ఉన్న చోట ముందు చూడండి. తూము షట్టర్ కింద చెక్క ముక్క ఇరుక్కుని, ఏటి నీరు మురుగు కాలువలోకి వెనక్కి ఎక్కి, గట్టు తెగకుండానే ఊరు మునగడం అరుదేమీ కాదు.

11. తుపాను కబురు మనకు ఎవరు చెబుతారు? వేరే దేశాల పాత్ర ఎంత?

ఉత్తర హిందూ మహాసముద్రానికి ప్రపంచ వాతావరణ సంస్థ గుర్తించిన ప్రాంతీయ కేంద్రం ఢిల్లీలోని భారత వాతావరణ శాఖే. 1972లో మొదలైన తుపాన్ల కూటమిలో ఇప్పుడు 13 దేశాలున్నాయి. బంగ్లాదేశ్ నుంచి యెమెన్ దాకా అందరికీ సలహాలు ఇక్కడి నుంచే వెళ్తాయి. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తుపాను అంటారు, అప్పుడు పేరు పెడతారు. 2020లో ఒక్కో దేశం 13 పేర్లు ఇచ్చింది, మొత్తం 169. 2025 అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథాకు పేరు పెట్టింది థాయ్‌లాండ్.

పేర్లకన్నా ముఖ్యమైనవి పరిశీలనలు. కొన్ని తుపాన్ల మూలం థాయ్‌లాండ్ సింధుశాఖలోనే ఉంటుంది. 2013 అక్టోబర్‌లో ఒడిశాను తాకిన ఫైలిన్ అలాంటిదే. ఆ దశలో గాలి, పీడనం కొలిచేది థాయ్‌లాండ్, మయన్మార్ కేంద్రాలు. ఆ అంకెలు రోజుకు ఎన్నోసార్లు అందరికీ చేరుతుంటాయి కాబట్టే మనకు మూడు నాలుగు రోజుల ముందు కబురు అందుతోంది. తీరం దగ్గరికి వచ్చాక మచిలీపట్నం, విశాఖ డాప్లర్ రాడార్లు పట్టుకుంటాయి. ఉప్పెన, ఎత్తైన అలల హెచ్చరికలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇస్తుంది. 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రమూ అక్కడే ఉంది.

బంగాళాఖాత ప్రాంత దేశాల కూటమి బిమ్స్‌టెక్‌కు వాతావరణ కేంద్రం నోయిడాలో ఉంది. ఆ కూటమిలో విపత్తు నిర్వహణతో కలిపి భద్రతా రంగం భారత్ బాధ్యత. 2020 ఫిబ్రవరిలో పూరిలో ఉమ్మడి విపత్తు విన్యాసాలు జరిగాయి.

12. కాకినాడ పోర్టులో 5వ నంబరు తీసి 6వ నంబరు పెట్టారు. ప్రమాదం పెరిగినట్టా?

ఇది చాలామంది, కొన్నిసార్లు టీవీ వాళ్లు కూడా, తప్పుగా అర్థం చేసుకునే విషయం. 1, 2 నంబర్లు దూరంగా సముద్రంలో ఏదో ఉందని చెబుతాయి. 3, 4 స్థానిక హెచ్చరికలు. 5, 6, 7 మూడూ ఒకే స్థాయి ప్రమాదం. తేడా తుపాను దారిలో ఉంది: 5 అంటే పోర్టు తుపాను దారికి ఎడమ పక్క పడుతుంది, 6 అంటే కుడి పక్క, 7 అంటే పోర్టు మీదుగా లేదా బాగా దగ్గరగా దాటుతుంది. 8, 9, 10 కూడా ఇదే వరుస, కాకపోతే తీవ్ర తుపానుకు. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

కుడి, ఎడమల పట్టింపు ఎందుకంటే, మన దగ్గర తుపాను గాలి గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. పడమటికి కదులుతున్న తుపానుకు కుడి పక్క, అంటే ఉత్తరాన, గాలి సముద్రం నుంచి ఒడ్డుకు నీటిని తోస్తుంది. ఉప్పెన అక్కడే ఎక్కువ. ఎడమ పక్కన గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి వీస్తుంది. కాబట్టి తుపాను మచిలీపట్నం, నరసాపురం మధ్య దాటుతుందని చెప్పినప్పుడు, "మనకు దూరంలే" అని అంతర్వేది, ఓడలరేవు, భైరవపాలెం వాళ్లు నిద్రపోకూడదు. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమను ఊడ్చేసిన తుపాను గంటల వ్యవధిలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. సముద్రంలో ఉన్న మత్స్యకారులు, బలుసుతిప్ప, భైరవపాలెం లాంటి తీరగ్రామాల వాళ్లు అందులో ఎక్కువ.

13. సముద్రంలో పసుపు రంగు బోయాలకు బోటు కట్టుకోవచ్చా?

వద్దు. అవి గాలి, అలలు, నీటి వేడి కొలిచి ఉపగ్రహం ద్వారా పంపే పరికరాలు. వాటి చుట్టూ చేపలు చేరతాయని వలలు వేయడం, లంగరు బదులు వాటికే తాడు కట్టడం, సోలార్ పలకలు పీకడం వల్ల కొలతలు ఆగిపోతున్నాయి. ఆ ఒక్క బోయా చెడితే నష్టం మన ఊరికే కాదు, ఆ కొలత వాడుకునే ప్రతి దేశానికీ.

14. ఇంజిన్ చెడి బోటు కొట్టుకుపోయి పరాయి దేశపు నీళ్లలోకి వెళ్తే?

ముందు బోటులో ఉన్నవాళ్ల సంగతి. ఇంజిన్ ఆగగానే లంగరు వేయండి. లోతు ఎక్కువైతే తాడుకు వల మూటలో, టార్పాలినో కట్టి ముందు వైపు నుంచి నీళ్లలో వదిలితే బోటు అలకు ఎదురు నిలిచి కొట్టుకుపోయే వేగం తగ్గుతుంది. వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ ఛానల్ మీద పిలవండి. ఫోన్ సిగ్నల్ ఉంటే 1554, ఇది కోస్ట్ గార్డ్‌ది. 1093 మెరైన్ పోలీసులది. ఆపద సంకేతం పంపే పరికరం ఉంటే బటన్ నొక్కి, దాన్ని ఆకాశం కనిపించే చోట పెట్టండి. తూర్పు తీరంలో గాలింపును చెన్నైలోని కోస్ట్ గార్డ్ సమన్వయ కేంద్రం నడుపుతుంది. ఏ దేశస్థుడైనా ఆపదలో ఉన్నవాణ్ని కాపాడాలన్నది అంతర్జాతీయ ఒప్పందమే కాబట్టి, పక్క దేశం ఓడ కనిపిస్తే దాక్కోకుండా చేయి ఊపండి. వేటకు పరిచిన వల నీళ్లలో ఉంటే మాత్రం ఆపదలో ఉన్నామన్న మాట ఎవరూ నమ్మరు. లోపలికి లాగేయండి.

ఒడ్డున ఉన్న కుటుంబం ఆ సాయంత్రమే గ్రామ మత్స్య సహాయకుడికి, మెరైన్ స్టేషన్‌కు ఇవి రాసివ్వాలి: బోటు రిజిస్ట్రేషన్ నంబరు, రంగు, ఎంతమంది, ఏ రేవు నుంచి ఎన్నింటికి బయల్దేరింది, చివరిసారి మాట్లాడినప్పుడు జీపీఎస్ అంకె. "రేపటిదాకా చూద్దాం" అనుకుంటే గాలించాల్సిన మేర ఎన్నో రెట్లు పెరుగుతుంది.

పట్టుబడితే విషయం రాష్ట్ర మత్స్య శాఖ నుంచి విదేశాంగ శాఖకు, అక్కడి నుంచి ఆ దేశంలోని మన రాయబార కార్యాలయానికి వెళ్తుంది. ఆధార్, మత్స్యకార గుర్తింపు కార్డు, బోటు లైసెన్స్ నకళ్లు ఇంట్లో ఒక సెట్టు ఉంటే వారాలు కలిసొస్తాయి. అసలైన కాగితాలు బోటుతోపాటే పోతాయి. విడుదలలు ఎక్కువగా ఇచ్చిపుచ్చుకునే పద్ధతిలో జరుగుతాయి. 2025 జనవరిలో బంగ్లాదేశ్ 95 మంది భారత మత్స్యకారులను, భారత్ 90 మంది బంగ్లాదేశీయులను అప్పగించుకున్నాయి.

15. తీరం ఎందుకు కోసుకుపోతోంది? సముద్రం పెరగడం వల్లేనా?

అదొక్కటే కాదు. డెల్టా అంటేనే నది తెచ్చిన ఒండ్రు. ఎగువన కట్టిన ప్రతి ఆనకట్టా నీటితోపాటు ఒండ్రునూ ఆపుతుంది. 1970ల తర్వాత గోదావరి సముద్రానికి చేర్చే ఒండ్రు బాగా పడిపోయింది. శాటిలైట్ చిత్రాలు పోల్చి చూసిన ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 1976–2001 మధ్య డెల్టా అంచున నికరంగా సుమారు 18 చదరపు కిలోమీటర్ల నేల పోయిందని లెక్కగట్టారు. దిగువన ఇసుక తవ్వకం దీనికి తోడు. నేల సహజంగా కుంగుతూనే ఉంటుంది, పైన కొత్త ఒండ్రు పడితేనే మట్టం నిలుస్తుంది.

రాష్ట్రాల మధ్య టీఎంసీల వాటా ఉంది, ఒండ్రు వాటా లేదు. ఇకమీదట జరిగే ఏ గోదావరి చర్చలోనైనా డెల్టా తరఫున అడగాల్సిన కొత్త అంశం ఇదే: వరద మొదట్లో ఎర్రనీరు వచ్చేటప్పుడు అడుగు స్లూయిజ్‌లు తెరిచి ఒండ్రును కిందికి వదలడం. అప్పటిదాకా గోడలు కట్టుకుంటూ పోతే, ఒక ఊరి ముందు గోడ పక్క ఊరి ఒడ్డును తినేస్తుంది.

16. మడ మొక్కలు నాటితే సరిపోతుందా?

ఎక్కడ పడితే అక్కడ నాటితే చస్తాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరింగ 235 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. అక్కడ మడ ఎండిపోయిన చోట్ల కారణం చాలాసార్లు ఒకటే: పోటు నీరు వచ్చి పల్లంలో నిలిచి, ఎండకు ఆవిరై ఉప్పు పేరుకోవడం. అందుకని ముందు కాలువలు తవ్వుతారు. నడుమ ఒక పెద్ద కాలువ ఏటిపాయకు కలుపుతారు, దానికి రెండు వైపులా 45 డిగ్రీల ఏటవాలుగా పిల్ల కాలువలు, చేప ముల్లు ఆకారంలో. పోటుకు నీరెక్కి పాటుకు దిగిపోవాలి. ఉప్పు కడిగాక తెల్లమడ, నల్లమడ లాంటివి నర్సరీలో పెంచి నాటాలి. ఏటా పూడిక తీయకపోతే రెండు మూడేళ్లలో కాలువ మూసుకుపోయి నేల మళ్లీ మొదటికొస్తుంది. నిధులు నాటడానికి వస్తాయి, పూడికకు రావు. అక్కడే చాలా పథకాలు చతికిలపడుతున్నాయి.

17. కాలువ నీళ్లు ఉప్పుగా ఉన్నాయో లేదో నాలుకతో కాకుండా ఎలా తెలుసుకోవాలి?

ఈసీ, అంటే నీటి విద్యుత్ వాహకత, కొలిచే మీటరుతో. ఉప్పు పెరిగేకొద్దీ ఈసీ పెరుగుతుంది. వాడే ముందు 1413 మైక్రోసీమెన్స్ ద్రావణంలో సరిచూసుకోండి. సాగునీటి ఈసీ 2 డెసీసీమెన్స్ దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. మీటరు మైక్రోసీమెన్స్‌లో చూపిస్తే 2000 అంటే అదే. యూనిట్ చూడకుండా "రెండు వేలు వచ్చింది" అని హడలిపోయేవాళ్లూ ఉన్నారు, "రెండే కదా" అని తోడేసేవాళ్లూ ఉన్నారు. ఉప్పునీరు బరువు కాబట్టి అడుగున పాకుతూ ఎగువకు వస్తుంది. పైనీరు ముంచితే మంచినీరే దొరకొచ్చు. సీసాకు బరువు కట్టి, అడుగుకు దించి, బిరడా లాగి నింపండి. నిండు పోటు వేళ ఒకసారి, పాటు వేళ ఒకసారి కొలవండి. తాగునీటికైతే మొత్తం లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేకపోతే 2000 దాకా, అంతే.

మురుగు కాలువల చివరి తలుపులు పనిచేయని చోట పోటు నీరు మైళ్లకొద్దీ లోపలికొస్తుంది. శంకరగుప్తం డ్రెయిన్ పొడవునా కొబ్బరి తలలు వాల్చింది అందుకే.

18. రబీ నీళ్లకు పక్క రాష్ట్రంతో సంబంధం ఏమిటి?

చాలా ఉంది. చలికాలం తర్వాత గోదావరి సహజ ప్రవాహం సన్నగిల్లుతుంది. అప్పుడు డెల్టాను ఆదుకునేది సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీరు. ఎగువన బలిమెల జలాశయం ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌లది సగం సగం. ఎవరు ఎప్పుడు ఎంత కరెంటు తీస్తారో దాన్ని బట్టే మన కాలువలో నీరు. కరెంటు గిరాకీ మేలో ఎక్కువ, వరికి నీరు కావాల్సింది ఫిబ్రవరి, మార్చిల్లో. ఈ రెండూ కలిపి షెడ్యూలు వేయించుకోవడమే రబీ సహకారం. నీటి సంఘాలు డిసెంబర్‌లో సాగునీటి సలహా మండలి సమావేశం జరిగేటప్పుడే బలిమెల, డొంకరాయి నిల్వలు ఎంతున్నాయో అడిగి, దాన్ని బట్టి ఎన్ని ఎకరాలకు ఒప్పుకోవాలో తేల్చుకోవాలి. మార్చిలో అడిగితే వంతులే మిగులుతాయి.

ఖరీఫ్ సంగతి ఒక్క మాటలో: కాలువలు జూన్ మొదట్లో వదిలి నాట్లు ముందే పడితే, నవంబర్ తుపానుకు ముందే పంట ఇంటికొస్తుంది. కాలువలు కట్టేసే ఏప్రిల్‌కు ముందు తాగునీటి చెరువులు నింపుకోవడం పంచాయతీ పని.

19. సైన్యం, నౌకాదళం ఎప్పుడు వస్తాయి?

జిల్లా కలెక్టర్ కోరితే, రాష్ట్రం ద్వారా. జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్‌డీఆర్‌ఎఫ్) పదో బెటాలియన్ విజయవాడ దగ్గర కొండపావులూరులో, తూర్పు నౌకాదళం విశాఖలో, కోస్ట్ గార్డ్ కాకినాడలో ఉన్నాయి. ఇవే బలగాలు పక్క దేశాలకూ వెళ్తాయి. 2025 నవంబర్ చివర దిత్వా తుపాను శ్రీలంకను అతలాకుతలం చేసినప్పుడు ఆపరేషన్ సాగర్ బంధు పేరుతో వెళ్లారు. మొదటి పన్నెండు గంటలు మాత్రం ఊళ్లో ఉన్న పడవలు, ఊళ్లో ఉన్న ఈతగాళ్లే.

20. పంచాయతీ జూన్ ఒకటికల్లా ఏం సిద్ధం చేసుకోవాలి?

నడిచే పడవలు ఎన్ని, ఎవరివి, ఇంజిన్ ఎవరు నడుపుతారు. లైఫ్ జాకెట్లు, వాటి పట్టీలు లాగి చూసినవి. ఖాళీ ఇసుక బస్తాలు గట్టు దగ్గరే, గోడౌన్‌లో కాదు. ఇసుక కూడా అక్కడే, వరదలో ట్రాక్టరు గట్టెక్కదు. పునరావాస కేంద్రంలో మరుగుదొడ్డి, జనరేటరు, క్లోరిన్ మాత్రలు. పాముకాటు మందు ఏ పీహెచ్‌సీలో ఉందో ఆ నెలలో అడిగి రాసుకున్న మాట. మైకు బ్యాటరీ మీద పనిచేసేది. 112 (అత్యవసరం), 1070 (రాష్ట్ర కంట్రోల్ రూమ్), 1077, 1554 నంబర్లు సచివాలయం గోడ మీద పెయింటుతో రాయించండి, కాగితం తడుస్తుంది.

వరద తీసిన రోజే, నీరు నిలిచిన గీత ఆరకముందే, బడి గోడ మీదా గుడి అరుగు మీదా తేదీ వేసి రంగుతో గీత కొట్టండి. పక్కన ఆ రోజు ధవళేశ్వరం క్యూసెక్కులు రాయండి. పరిహారం జాబితా వేసేవాళ్లూ, గట్టు ఎత్తు లెక్కగట్టే ఇంజినీర్లూ, ముంపు లెక్కల మీద వాదించుకునే రాష్ట్రాలూ ముందు అడిగేది ఆ గీతే.